దంపుళ్ళ బరువు దించే ఇంజను: మాలి పల్లెల ‘మల్టీఫంక్షనల్ ప్లాట్‌ఫారం’పై ఒక సమీక్ష

పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో పల్లెటూరి మహిళా సంఘాలు నడిపే ‘మల్టీఫంక్షనల్ ప్లాట్‌ఫారం’ అనే చిన్న యంత్రాన్ని, ఆ యంత్రంతోపాటు అందే సేవను ఈ సమీక్షకు తీసుకున్నాను. ఇనుప చట్రం మీద బిగించిన ఒక డీజిల్ ఇంజను, దానికి బెల్టుతో తగిలించే పిండిమర, గింజల పొట్టు తీసే హల్లరు, బ్యాటరీలు ఛార్జి చేసే ఆల్టర్నేటరు, వీటన్నిటికీ నీడగా ఊరివాళ్ళు కట్టుకున్న ఒక చిన్న కొట్టం: చూడటానికి ఇంతే. అయినా, ఆఫ్రికా గ్రామాల్లో ఆడవాళ్ళ చాకిరీ తగ్గిస్తామంటూ కొన్ని దశాబ్దాలుగా వచ్చిన పొగలేని పొయ్యిలు, సోలార్ కుక్కర్లు, చేతిపంపుల వరుసలో, ఆ ఆడవాళ్ళు తమ చేతి డబ్బు చెల్లించి మళ్ళీ మళ్ళీ వాడుకున్న పరికరాలు తక్కువ. వాటిలో దీనికి ముందువరుసలో చోటు ఇవ్వవచ్చునని నా అభిప్రాయం. అలాగే దీని లోపాలు కూడా చిన్నవి కావు. యంత్రం కొనే సంఘానికీ, దానికి విరాళం ఇవ్వాలనుకునే వారికీ ఆ రెండూ తెలియడం అవసరం.

ముందుగా, ఇది ఏ పనిని తప్పిస్తుందో చూడాలి. మాలిలో నైజరు నది వెంబడి వరి పండే ప్రాంతాలను మినహాయిస్తే చాలా పల్లెల్లో తిండిగింజలు సజ్జలు, జొన్నలు, మొక్కజొన్నలే. సజ్జ లేదా జొన్న పిండితో వండే ‘తో’ అనే ముద్ద మన సంకటిలా ఉంటుంది. ఎండబెట్టిన బెండకాయ పొడితోనో, బావొబాబ్ చెట్టు ఆకు పొడితోనో కాచిన జిగురు పులుసుతో దానిని తింటారు. అయితే గింజ ఆ కుండలోకి చేరేలోపు దాటవలసిన దశలు చాలా ఉన్నాయి. గింజలను కాస్త తడిపి, నడుమెత్తు చెక్క రోట్లో పోసి, బరువైన పొడుగాటి రోకలితో దంచి పొట్టు వదిలించాలి. చేటతో చెరిగి తవుడు వేరు చేయాలి. కడిగి, కాసేపు ఆరనిచ్చి, మళ్ళీ రోట్లో పోసి పిండి అయ్యేదాకా దంచాలి. జల్లెడలో నిలిచిన రవ్వను తిరిగి రోట్లో వేసి ఇంకొకసారి దంచాలి. ఇద్దరు ముగ్గురు ఒకే రోటి చుట్టూ నిలబడి, ఒకరి రోకలి లేచేలోపు మరొకరి రోకలి దిగేలా వంతులవారీగా పోటు వేస్తారు. వంతు తప్పితే రోకళ్ళు ఒకదానికొకటి తగులుతాయి కాబట్టి చేతులు ఎంత అలసినా మనసు పనిమీదే ఉంచాలి. తడి తగిలిన పిండి త్వరగా పులిసిపోతుంది గనుక వారానికి సరిపడా ఒకేసారి దంచి దాచుకునే వీలు కూడా లేదు. అందువల్ల ఈ దంపుడు దాదాపు ప్రతిరోజూ తప్పదు.

మాలి పల్లెల్లో అన్నదమ్ముల కుటుంబాలన్నీ ఒకే ఆవరణలో ఉండి, ఒకే కుండలో వండుకు తినడం మామూలు. ఇరవై ముప్పై మందికి వండవలసిన ఆ ఇంట్లో కోడళ్ళు, సవతులు వంతులు వేసుకుంటారు. తన వంతు వచ్చిన రోజున ఆ స్త్రీ తెల్లవారకముందే లేచి, బావి నుంచి నీళ్ళు తోడి, కట్టెలు సమకూర్చుకుని, దంపుడుకు దిగుతుంది. ఆడపిల్లలకు ఏడెనిమిదేళ్ళు రాగానే చిన్న రోకలి చేతికి వస్తుంది. వానాకాలంలో పొలం పని కూడా వారిదే. ప్లాట్‌ఫారం వచ్చిన ఊళ్ళలో స్త్రీకి రోజుకు రెండు నుంచి ఆరు గంటల సమయం మిగిలిందని ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం తన పత్రాల్లో పేర్కొంది. రెండుకూ ఆరుకూ మధ్య దూరం ఎక్కువే. ఇంటి పరిమాణం, పండే గింజ, మరకు నడవవలసిన దూరం ఇవన్నీ ఊరికొక తీరుగా ఉంటాయి కాబట్టి ఆ తేడా సహజం. తక్కువలో తక్కువ అంకెను లెక్కకు తీసుకున్నా, రోజుకు రెండు గంటల దంపుడు తప్పడం చిన్న విషయం కాదు.

ఈ ఆలోచన 1990ల తొలి సగంలో ఐక్యరాజ్య సమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ, అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి కలిసి మాలిలోనూ, బుర్కినా ఫాసోలోనూ చేసిన ప్రయోగాలతో మొదలైంది. ఆ తర్వాత ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం మద్దతుతో మాలిలో జాతీయ పథకంగా మారింది. 1999, 2004 సంవత్సరాల మధ్య 450 ఊళ్ళలో యంత్రాలను నెలకొల్పడం దాని లక్ష్యం. సెనెగల్, బుర్కినా ఫాసో, ఘనా వంటి దేశాలు కూడా తర్వాత ఇదే నమూనాను అందుకున్నాయి.

ఇక యంత్రం సంగతి. పథకంలో ఎక్కువగా వాడినవి లిస్టర్ తరహా ఇంజన్లు. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణంలో 1930 ప్రాంతంలో తయారీ మొదలై 1987 దాకా సాగిన ఆ ఇంజను నమూనాను గుజరాత్‌లోని రాజ్‌కోట్ కర్మాగారాలు దశాబ్దాలుగా పోతపోసి ప్రపంచమంతటికీ ఎగుమతి చేస్తున్నాయి. మాలి పల్లెలకు చేరినవి చాలావరకు ఆ భారతీయ ఇంజన్లే. తెలుగు పల్లెల్లో కరెంటు రాకముందు వరి మరలనూ, బావుల మీద పంపులనూ నడిపిన ఆయిల్ ఇంజన్లను చూసినవారికి దీనిని మళ్ళీ పరిచయం చేయనక్కరలేదు. ఒకే సిలిండరు, రెండు పక్కలా రెండు భారీ ఫ్లైవీళ్ళు, పక్కన చల్లదనం కోసం నీళ్ళ డ్రమ్ము, స్టార్టు చేయడానికి చేతి హ్యాండిలు. ఆరు హార్స్‌పవర్ నమూనా నిమిషానికి 650 చుట్లు మాత్రమే తిరుగుతుంది, బరువు మూడు వందల కిలోలు దాటుతుంది. అదే శక్తి ఇచ్చే చిన్న చైనా ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లు, అంతకు పైన తిరుగుతుంది. ధర తక్కువ, మోయడం తేలిక, కానీ అరుగుదల వేగం. పట్టణానికి దూరంగా, దుమ్ముతో నిండిన ఊరిలో నెమ్మదిగా తిరిగే బరువైన ఇంజనును ఎంచుకోవడం సరైన నిర్ణయమేనని నేను భావిస్తున్నాను. దాని భాగాలు పెద్దవి, బయటికి కనిపించేవి. వాల్వు ఎక్కడ ఉందో, డీజిల్ చిమ్మే నాజిల్ ఎక్కడ ఉందో వేలుపెట్టి చూపించి నేర్పవచ్చు. పూర్తి భారం మీద గంటకు లీటరుకు కాస్త పైగా డీజిల్ తాగుతుంది.

స్టార్టు చేసే విధానాన్ని దగ్గరగా గమనిస్తే ఈ యంత్రం స్వభావం అర్థమవుతుంది. సిలిండరులో ఒత్తిడి పేరుకోకుండా చేసే డీకంప్రెషన్ లివరు ఎత్తిపెట్టి, హ్యాండిలును ముందు నెమ్మదిగా, తర్వాత ఊపు పెంచుతూ తిప్పాలి. ఫ్లైవీళ్ళకు తగినంత వేగం వచ్చిందని తోచగానే లివరు దించాలి, వెంటనే హ్యాండిలును షాఫ్టు నుంచి లాగేయాలి. ఇంజను అందుకుంటే పొగ గొట్టం నుంచి ఒక్కొక్క దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. దీనికి బండబలం కంటే అదను తెలియడం ముఖ్యం. ఆడవాళ్ళు దీనిని తిప్పలేరు అన్న సందేహం తొలి రోజుల్లో చాలామందికి ఉండేది. శిక్షణ పొందిన మహిళలు ఎన్నో ఊళ్ళలో మర ఆడించారు. అయితే హ్యాండిలు ఊడిరాక ఎదురు తన్నితే మణికట్టు విరిగే ప్రమాదం ఉంది. బెల్టుకు కంచె లేని కొట్టాలలో ఇంకొక పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది: నడుముకు చుట్టుకునే బట్ట అంచు, తలగుడ్డ కొస, వీపున కట్టుకున్న బిడ్డ చేయి, ఇవన్నీ తిరిగే బెల్టుకు జానెడు దూరంలో ఉంటాయి. బెల్టు కంచెను అదనపు భాగంగా చూడటం తప్పు. అది లేని యంత్రాన్ని ఏ సంఘమూ స్వీకరించకూడదని నేను గట్టిగా చెబుతాను.

పిండిమర పనితనం బాగుంది. ఒక కుటుంబం ఒక రోజుకు వండుకునే గింజలు కొన్ని నిమిషాల్లో పిండి అవుతాయి. రోట్లో పిండిని కోరుకున్నంత మెత్తగా చేయవచ్చుననీ, మర పిండి వేడెక్కి రుచి మారుతుందనీ పెద్ద వయసు స్త్రీలు చెప్పడం ఉంది. ఇది కేవలం అలవాటు మాట కాదు, గింజను నలిపే పళ్ళేల మధ్య సందు సరిగా బిగించకపోతే పిండి నిజంగానే వేడెక్కుతుంది. తడి గింజ పోస్తే మర బిగుసుకుంటుంది కాబట్టి కడిగిన గింజలను పాత పద్ధతికన్నా ఎక్కువసేపు ఆరబెట్టాలి. ఇనుప పళ్ళేలు అరిగేకొద్దీ పిండిలో ఇనుప రజను కలుస్తుంది, పిండి నల్లబడుతుంది; రాళ్ళ మర అయితే అప్పుడప్పుడు విప్పి గాట్లు పెట్టించాలి. వీటిలో ఏది పెట్టినా మార్పిడి పళ్ళేలు, గాట్లు పెట్టే పనివాడు ఎంత దూరంలో ఉన్నారన్నదే అసలు ప్రశ్న.

హల్లరు గురించి అంత మంచిమాట చెప్పలేను. వరికి వాడే ఎంగెల్‌బర్గ్ తరహా హల్లరులో నూక ఎక్కువ పడుతుంది. పాత చిన్న మరల్లో బియ్యం ఆడించుకున్న తెలుగువారికి ఇది తెలిసిన సంగతే. అయినా వరి పండే ఊళ్ళలో ఆ నష్టాన్ని భరించి కూడా దీనినే కోరుకుంటారు, ఎందుకంటే వడ్లు దంచడం జొన్నల కన్నా కష్టం. సజ్జలు, జొన్నల పొట్టు తీయడానికి వేరే తరహా యంత్రం కావాలి. అది లేని ఊళ్ళలో పొట్టు దంపుడు రోట్లోనూ, పిండి మాత్రం మరలోనూ సాగుతుంది. అటువంటి చోట చాకిరీలో ఒక భాగమే తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.

ఈ సేవలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది యంత్రాన్ని ఊరికి అందించే పద్ధతి. అధికారి వచ్చి ఊరి మధ్యలో ఇంజను దించి వెళ్ళడం ఇక్కడ ఉండదు. ముందు ఊరిలోని మహిళా సంఘం నమోదై, తమకు యంత్రం కావాలని తామే దరఖాస్తు పెట్టాలి. తర్వాత ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎంత గింజ, దగ్గరలో ఇంకేదైనా మర ఉందా, మర ఆడించుకునేందుకు ఎంతమంది చెల్లించగలరు అన్న అంచనా వేస్తారు. ఇంజను, మర, హల్లరు, బ్యాటరీ ఛార్జరు కలిపి బిగించడానికి 2000 సంవత్సరం నాటి ధరల్లో సుమారు 4000 డాలర్లు అయ్యేది. అందులో దాదాపు సగం పథకం సబ్సిడీగా ఇస్తే, మిగిలినది సంఘమే పొదుపు నుంచో, ఊరి పెద్దల సాయంతోనో, పట్టణాలకూ ఫ్రాన్సుకూ వలస వెళ్ళిన ఊరివారి చందాలతోనో, అప్పుతోనో కూడబెట్టుకోవాలి. కొట్టం కట్టడం ఊరి బాధ్యత. సంఘంలో నుంచి ఒక నిర్వహణ కమిటీని ఎన్నుకుంటారు. మర ఆడించే మహిళలకు శిక్షణ ఇస్తారు. మరమ్మతులకు దగ్గరి పట్టణంలోని మెకానిక్కులను తయారు చేస్తారు.

ఆ కమిటీ రాసే లెక్కల పుస్తకం యంత్రం అంత ముఖ్యమైనది. ఏ రోజున ఇంజను ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని కిలోలు ఆడింది, ఎంత డబ్బు వచ్చింది, ఎన్ని లీటర్ల డీజిల్ పోశారు, ఆయిలు ఎప్పుడు మార్చారు, ఆడించినవారికి కూలి ఎంత, మరమ్మతుల కోసం పక్కన పెట్టినది ఎంత, ఇవన్నీ అందులో ఉండాలి. చదువు వచ్చిన స్త్రీలు ఊరికి ఒకరిద్దరు కూడా లేని చోట ఈ పుస్తకం కోసమే వయోజన విద్యా తరగతులు నడిపి, బంబారా వంటి స్థానిక భాషల్లో అక్షరాలూ అంకెలూ నేర్పించారు. అవసరంతో నేర్చిన ఆ చదువు నిలుస్తుంది. గంటలకూ లీటర్లకూ పొంతన కుదరకపోతే డీజిల్ ఎక్కడికి పోతున్నదో అడిగే హక్కు, అడగగల ధైర్యం ఆ అంకెల వల్లనే వస్తాయి. అయితే పుస్తకం రాసే పని ఏదో ఒక ఇంటి మగవాడి చేతిలోకి జారిపోయిన ఊళ్ళలో సంఘం పేరుకే మిగులుతుంది. అందుకే, ఎవరైనా ఒక ప్లాట్‌ఫారం బాగా నడుస్తున్నదా అని తెలుసుకోవాలంటే ఇంజను శబ్దం వినే ముందు ఆ పుస్తకం చివరి పేజీ ఎవరి చేతిరాతలో ఉందో చూడమని నా సలహా.

డబ్బు సంగతి ఇంకొంత వివరంగా చెప్పాలి. దంపుడుకు అయ్యే ఖర్చు ఆడవాళ్ళ ఒంటి బలమే. దానిని ఎవరూ లెక్క కట్టలేదు. మర వచ్చాక ఆ పని కిలోకు ఇంత అని చెల్లించే ఖర్చుగా మారింది. మాలి కుటుంబాల్లో సాధారణంగా గాదెలోని గింజలు ఇంటి పెద్ద కొలిచి ఇస్తాడు. పులుసుకు కావలసిన దినుసులు, ఉప్పు ఆడవాళ్ళే తమ సొంత సంపాదనతో తెచ్చుకోవాలి. మర కూలి కూడా వారి లెక్కలోనే పడుతుంది. వేరుశనగ మడో, కూరగాయల మడో, షియా అనే చెట్టు గింజల నుంచి తీసే వెన్న అమ్మకమో ఉన్న స్త్రీకి అది భారం కాదు. ఏ ఆదాయమూ లేని స్త్రీ, ముఖ్యంగా పేద ఇంటి వితంతువు, మర పక్కనే ఉన్నా రోలు వదలలేకపోతుంది. వానాకాలంలో పొలం పని ముమ్మరంగా ఉన్నప్పుడు సమయం అందరికీ కరువే, మర అవసరం ఎక్కువే. కానీ ఇళ్ళలో గింజా, చేతిలో పైసా అడుగంటేది కూడా అప్పుడే. మిగిలిన సమయాన్ని ఎవరు వాడుకుంటారన్నది మరొక ప్రశ్న. కొన్ని ఇళ్ళలో ఆ గంటలు భర్త పొలంలో కలుపు తీయడానికే పోతాయి. కొన్ని ఇళ్ళలో ఆడపిల్లలు బడికి వెళ్ళారు, తల్లులు షియా వెన్న తీసి అమ్ముకున్నారు, లేదా కాసేపు నడుము వాల్చారు. ఆ విశ్రాంతిని లాభాల లెక్కలో చేర్చకపోవడం చాలా నివేదికల్లో కనిపించే లోటు. ఏళ్ళ తరబడి చీకటితో లేచిన మనిషి ఇంకొక గంట నిద్రపోగలగడం దానికదే ఒక ఫలితమని నేను నమ్ముతాను.

ఇప్పుడు పేరులో ఉన్న ‘బహుళ ప్రయోజనం’ గురించి. ఒకే ఇంజనుకు మర, హల్లరు, షియా గింజల గ్రైండరు, వెల్డింగు యంత్రం, రంపం, నీటి పంపు, రెండు వందల పైచిలుకు బల్బులు వెలిగించే ఆల్టర్నేటరు, ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చునని పథకం ప్రచారం చేసింది. ఆచరణలో చాలా ఊళ్ళలో ఇంజను నడిచింది మర కోసం, ఆ తర్వాత హల్లరు కోసం. ఊరంతటికీ వీధి దీపాలు, నీటి సరఫరా ఏర్పడిన ఊళ్ళు కొన్నే. దీనికి కారణాలు స్పష్టం. బెల్టు మార్చి ఇంకొక యంత్రానికి తగిలించడం చెప్పినంత తేలిక కాదు. రాత్రి వెలుతురు కోసం ఇంజను నడిపితే పగలు మర ఆడించిన మహిళే మళ్ళీ రాత్రి కాపలా ఉండాలి. షియా గింజల ముద్ద జిడ్డుగా ఉంటుంది కనుక దానికి విడి మర ఉంటే తప్ప పిండికి ఆ వాసన పడుతుంది. బ్యాటరీ ఛార్జింగుకు కొంతకాలం మంచి గిరాకీ ఉండేది, సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో ఇంకా పెరిగింది; తర్వాత ఇంటికొక చిన్న సోలార్ ప్యానెల్ చేరడంతో అది పడిపోయింది. అందువల్ల ఎక్కువ యంత్రాలు చూపించి ఎక్కువ ధర చెప్పే ప్రతిపాదనను నేను సమర్థించను.

మన్నిక విషయంలో తీర్పు కఠినంగానే ఉండాలి. ఏర్పాటు చేసిన కొన్నేళ్ళకే మూలపడిన ప్లాట్‌ఫారాలు మాలిలోనూ, పొరుగు దేశాల్లోనూ చాలా ఉన్నాయి. ఇంజను చెడి ఆగిపోవడం ఒక కారణమే. విడిభాగం కొనడానికి పక్కన పెట్టిన డబ్బు లేకపోవడం, కమిటీలో తగాదా రావడం, మర ఆడించే మహిళలకు కూలి సరిగా అందక మానుకోవడం అంతకన్నా పెద్ద కారణాలు. ఊళ్ళో ఒక వ్యక్తి సొంతంగా మర పెట్టుకుంటే అది అతని బతుకుదెరువు కాబట్టి అర్ధరాత్రి అయినా బాగుచేయించుకుంటాడు. ఉమ్మడి ఆస్తికి ఆ శ్రద్ధ చూపేవారు తక్కువ. ఈ కారణం చూపి, మహిళా సంఘాలను పక్కనబెట్టి ప్రైవేటు మరలకే అప్పులివ్వాలని వాదించిన పరిశోధకులు ఉన్నారు. వారి వాదనలో బలముందని ఒప్పుకుంటాను. కానీ ప్రైవేటు మర యజమాని దాదాపు ఎప్పుడూ మగవాడే. పక్క ఊరిలో పోటీ లేకపోతే అతను చెప్పినదే ధర. సంఘం చేతిలో ఉన్న మర ఆ ధరకు ఒక హద్దు పెడుతుంది, ఆడవాళ్ళకు డబ్బు మీద, యంత్రం మీద అధికారాన్ని అనుభవంలోకి తెస్తుంది. యంత్రం సంఘానిదిగా ఉంచి, రోజువారీ నడకను లాభంలో వాటా మీద ఒకరిద్దరు మహిళలకు అప్పగించడం ఈ రెండిటికీ మధ్య మేలైన మార్గమని నాకు తోస్తుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం డీజిల్. మాలికి సముద్రతీరం లేదు. ఇంధనం చాలావరకు సెనెగల్, ఐవరీ కోస్ట్ ఓడరేవుల నుంచి లారీల మీద వందల కిలోమీటర్లు రావాలి. 2008లో చమురు ధరలు పెరిగినప్పుడు మర కూలి పెంచితే గిరాకీ పోయింది, పెంచకపోతే నష్టం వచ్చింది; ఎటు చూసినా సంఘానికి ఇరకాటమే. 2012 నుంచి సాగుతున్న సాయుధ ఘర్షణలు ఉత్తర, మధ్య ప్రాంతాల రహదారులను దెబ్బతీశాయి. 2025 సెప్టెంబరు నుంచి సాయుధ ముఠాలు ఇంధన ట్యాంకర్లను అడ్డుకుని తగలబెట్టడంతో రాజధాని బమాకోలోనే పెట్రోలు బంకుల ముందు బారులు తీరవలసి వచ్చింది. అక్టోబరు చివర్లో ప్రభుత్వం దేశమంతటా బడులను రెండు వారాలు మూసివేసింది. రాజధానికే ఆ గతి పట్టినప్పుడు మారుమూల పల్లెలో డబ్బాతో డీజిల్ తెచ్చుకునే మహిళా సంఘానికి దారి ఎక్కడిది?

డీజిల్‌కు బదులు జట్రోఫా (అడవి ఆముదం) నూనె అన్న ఆలోచన కూడా మాలిలో చాలాకాలం నడిచింది. అక్కడ ఆ మొక్కను పొలాలకు కంచెగా పెంచడం, దాని గింజల నూనెతో ఆడవాళ్ళు సబ్బు చేయడం ముందునుంచీ ఉన్నదే. నెమ్మదిగా తిరిగే ఈ ఇంజన్లు వేడెక్కిన తర్వాత ముడి నూనెతోనూ నడుస్తాయి. కానీ ఒక లీటరు నూనెకు నాలుగు కిలోల గింజలైనా కావాలి. వాటిని ఏరి, ఎండబెట్టి, పొట్టు ఒలిచే చేతులు ఎవరివి? చాకిరీ తప్పించే యంత్రానికి మేత వేయడం కోసం అదే స్త్రీలు కొత్త చాకిరీ తలకెత్తుకోవలసి వస్తుంది. 2000ల నడుమ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ జట్రోఫా మీద ఎన్నో ఆశలు పెట్టుకుని, మెట్ట భూముల్లో అనుకున్న దిగుబడి రాక నిరాశపడిన రైతులకు ఈ కథ కొత్త కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళా సంఘం కానుగ గింజలతో చేసిన ప్రయత్నం ఇందుకు కొంత భిన్నం. డీజిల్ స్థానంలో వాడదగిన ఆ నూనె వల్ల తగ్గే కర్బన ఉద్గారాలకు గాను 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్న సంఘం అది. అక్కడ కానుగ చెట్లు అప్పటికే ఉన్నాయి, గింజ అమ్మితే ఎవరికి వారికి డబ్బు వచ్చేది. మాలిలో మర కోసం గింజలు ఏరే స్త్రీకి ఆ హామీ లేకపోయింది.

ఇటీవల వస్తున్న సోలార్ పిండిమరలను దీనితో పోల్చి చూడక తప్పదు. వాటిలో పొగ లేదు, హ్యాండిలు తిప్పే పని లేదు, డీజిల్ కోసం ఎదురుచూపు లేదు, పొడవాటి బెల్టుల ప్రమాదమూ తక్కువ. సోలార్ ప్యానెళ్ళ ధరలు 2010 తర్వాత ఎంతగా పడిపోయాయో అందరికీ తెలిసినదే. అయితే చిన్న సోలార్ మర మోటారు శక్తి ఆయిల్ ఇంజనులో చిన్న పాలే. ఊరంతా ఒకేసారి గింజలతో వచ్చే ఉదయపు వేళ వరుస చాలా పొడవవుతుంది. పొట్టు తీయడం దాని వల్ల అంతంత మాత్రమే. కరెంటును అదుపు చేసే కంట్రోలరు పోతే విప్పి బాగుచేయగల మెకానిక్కు జిల్లాలోనే దొరకకపోవచ్చు. నలభై యాభై ఇళ్ళున్న ఊరికి నేను ఇప్పుడు సోలార్ మరనే సూచిస్తాను. రెండు మూడు వందల ఇళ్ళున్న, వరి పండే, దారి సౌకర్యం ఉన్న పెద్ద ఊరికి ప్లాట్‌ఫారం ఇంకా పనికొస్తుంది.

ఇటువంటి పథకానికి డబ్బు ఇవ్వదలచిన పాఠకులు ఎవరైనా ఉంటే, మూడు సంగతులు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది: బెల్టు కంచె ఉందా, మార్పిడి పళ్ళేలు, నాజిల్, పిస్టన్ రింగులు ఇంజనుతోపాటే ఇస్తున్నారా, మూడో సంవత్సరంలో వచ్చి పుస్తకం చూసి సంఘంతో కూర్చుని మాట్లాడే మనిషికి జీతం కేటాయించారా. ఆల్టర్నేటరు, వెల్డింగు యంత్రం మొదటి రోజునే కొనవద్దు. మర డబ్బుతో సంఘం తానే కొనుక్కోగలిగినప్పుడు కొనుక్కుంటుంది. ఇంకొక సాంకేతిక విషయం కూడా ఉంది. మర, హల్లరు బెల్టుతోనే తిరుగుతాయి కాబట్టి చట్రాన్ని మొదటే కాస్త పొడవుగా చేయించి, ఒక ఎలక్ట్రిక్ మోటారు బిగించుకునే రంధ్రాలు వదిలిపెడితే, రేపు సోలార్ మోటారు వచ్చినా, ఊరికి కరెంటు లైను వచ్చినా ఇంజనును మాత్రమే తీసి పక్కన పెట్టి, మిగిలిన యంత్రాలను, శిక్షణ పొందిన మహిళలను, లెక్కల పుస్తకాన్ని అలాగే కొనసాగించుకోవచ్చు. ఇంజను కొత్తగా ఆర్డరు చేసేటప్పుడు ఆ ఇనుప చట్రానికి అయ్యే అదనపు ఖర్చు చాలా స్వల్పం.